బడిలోని యంత్రము, పంతులు చేతి తంత్రము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

 ఈ మహాసభ కార్యదర్శివర్యులు గత మాసమున మా యింటికి వచ్చి, బడులలోనికి వచ్చుచున్న క్రొత్త యంత్రసాధనములను గుఱించి యుపన్యసింపవలసినదని కోరిరి. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవారికి యంత్రములతో నేమి పని యని మేము మొదట వెనుదీసితిమి. పిదప కార్యక్రమ పత్రమున విద్యానిధికి సంబంధించిన తీర్మానమును చదివిన మీదట, మాటాడకుండుటయే తప్పని తోచినది.

ఆ తీర్మానము ననుసరించి, మన విద్యానిధినుండి ద్రవ్యము వెచ్చించి, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెబడులకు పెద్ద తెఱలుగల టెలివిజనులను కొని సమర్పింపవలెను. (2016 అక్టోబరులో నీ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగ విభజింపబడినవి. మేము పాతకాలపువారము గనుక పాత పేళ్ళతోనే పిలుచుచున్నాము, క్షమింపుడు.) సంకల్పము మంచిది. రేయింబవళ్ళు సాంచల చప్పుడులో కష్టించిన కుటుంబములు, భివండికిని, షోలాపురమునకును, సూరతునకును వలసపోయి నాలుగు డబ్బులు కూడబెట్టిన కుటుంబములు ఈ నిధికి చందాలు వేసినవి. అట్టి ధనమగుటచేతనే దానిని గుఱించి నిక్కచ్చిగ మాటాడవలసియున్నది. మేమీ తీర్మానమునకు అడ్డుపడవచ్చినవారము కాము. దానికొక సవరణ కోరవచ్చితిమి. సవరణను తుదకు చెప్పెదము. దానికి కారణమైన సంగతులను ముందు వినుడు.

మా సంస్కృతపు అలవాటు పోదు గదా! యంత్రమను మాట "యమ్" ధాతువునకు సంబంధించినది. పట్టి నిలుపునది, కట్టడి చేయునది యని దాని భావము. తంత్రమను మాట "తన్" ధాతువునుండి పుట్టినది. సాచుట, విస్తరింపజేయుట యని దాని భావము. సంస్కృతమున తంత్రమనగా మగ్గము, మగ్గముమీద సాచిన పడుగు. శాస్త్రము, ఉపాయము, పరిపాలనము అను నర్థములును ఆ మాటకే కలవు. సూత్రమనగా దారము. గ్రంథమనగా ముడివేసి కట్టినది. చదువునకు సంబంధించిన పెద్దమాటలలో నెన్ని మన యింటి మగ్గపు గుంటనుండి లేచివచ్చినవో చూచితిరా! ఇప్పుడు బడిలోనికి యంత్రము వచ్చుచున్నది. దానివెంట తంత్రము వచ్చుచున్నదా లేదా యనునదే నేటి మా ప్రసంగము.

మా యపరాధమునే మొదట చెప్పుకొందుము. దాదాపు ఇరువది యేండ్ల క్రిందట, ఉమ్మడి రాష్ట్రకాలమున, మేము ప్రధానోపాధ్యాయులముగ నున్న యొక పల్లె యున్నతపాఠశాలకు కొన్ని కంప్యూటరులు వచ్చినవి. వానిని బండినుండి దింపిననాడు ఊరంతయు పండుగ. పెద్దలు కొబ్బరికాయ కొట్టిరి. ఒక గదికి ఇనుప తలుపు పెట్టించి, కిటికీలకు జాలి బిగించి, అందు వానిని స్థాపించితిమి. సామాను పట్టికలో నొక్కొక్క వస్తువు పేరును, సంఖ్యను, వెలను మా చేతితోనే వ్రాసి సంతకము చేసితిమి. ఆ సంతకమే మా మెడకు చుట్టుకొన్నది. ఏది పగిలినను, ఏది పోయినను, బడి విడిచిపోవునాడు లెక్క యప్పగింపవలసినవారము మేము. ఎలుక తీగను కొఱికినను మేమే యుత్తరవాదులము. అందుచేత తాళపుచెవిని మా జేబునందే యుంచుకొంటిమి. నేర్పుటకు వచ్చిన యువకుడు కొన్ని నెలలు జీతమందక వెడలిపోయెను. పగటిపూట విద్యుత్తు వచ్చుట యరుదు. బ్యాటరీలు ఉబ్బి చచ్చినవి. దుమ్ము పడకుండుటకై మనవారి యిండ్లనుండి తెచ్చిన దుప్పట్లు కప్పితిమి. తనిఖీకి పై యధికారులు వచ్చినపుడు దుప్పట్లు తీసి చూపుట, వారు వెడలినపిదప మఱల కప్పుట: మా యేలుబడిలో మూడేండ్లు జరిగిన కంప్యూటరు విద్య యిదియే.

ఒకనాడు ఏడవ తరగతి పిల్లవాడొకడు, బీడీలు చుట్టి బ్రతుకు తల్లి కొడుకు, కిటికీ జాలికి ముక్కానించి లోపలికి చూచుచుండగా మేము గద్దించితిమి. వాడు బెదరక, "సార్, వాడితె పాడైతయంటరు. వాడకుంటె పాడు గావా?" అని యడిగెను. మేము వానిని గంట కొట్టువఱకు ఎండలో నిలువబెట్టితిమి. సూత్రములు వల్లించి, వృత్తులు చదివి, శంకలకు సమాధానములు చెప్పుట నేర్చిన మాకు, ఆ శంకకు సమాధానము నేటికిని దొరకలేదు. ఆ యంత్రములు తుదకు తుక్కు క్రింద పోయినవి. మా లెక్కలో నొక్క వస్తువును తగ్గలేదు. అదియే మా సిగ్గు.

ఇక, యంత్రమేదియు కొనకుండనే తంత్రము నడపిన వారిని గుఱించి చెప్పెదము. 2020 మార్చిలో కరోనా మహమ్మారిచేత బడులు మూతపడినవి. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీ మొదలు తెలంగాణ ప్రభుత్వము మూడవ తరగతి మొదలు పదవ తరగతి వఱకుగల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల మూలమున పాఠములు చెప్పించెను. మేమప్పటికి ఉద్యోగవిరమణ చేసి యింటిపట్టున నుంటిమి. మా వీథిలో నొక సాంచల కార్మికుని యింట ముగ్గురు పిల్లలు, టెలివిజను ఒకటి, మంచి ఫోను ఒకటి. ఆ ఫోను పగలంతయు తండ్రివెంట కార్ఖానాలో నుండును. తల్లి బీడీలు చుట్టుకొనుచు పిల్లలను టెలివిజను ముందు కూర్చుండబెట్టును. పాఠము చక్కనిది, చెప్పువారును విద్వాంసులు. కాని తెఱ ప్రశ్న వేసి, పిల్లవాడు తప్పు చెప్పినను ఒప్పు చెప్పినను ఒక్కతీరుగనే "బాగున్నది" అని ముందుకు సాగిపోవును. పిల్లవాని కన్నులలో మబ్బు క్రమ్మినది తెఱకు కానరాదు. పంతులు పని యంతయు ఆ మబ్బును చూచుటయే కదా!

ఆ పిల్లల బడిలో పనిచేయు ఒక యువ ఉపాధ్యాయిని (ఆమె తన పేరు చెప్పనొల్లదు) ఏ తరగతి పిల్లవాని యింట ఏ వేళకు ఫోను అందుబాటున నుండునో ముందుగ విచారించి, ఒక కాగితముపై వ్రాసి, తన యింటి గోడకు అంటించుకొన్నది. పగలు టెలివిజనులో వచ్చిన పాఠమున నేది కఠినముగ నుండెనో దానిని మాత్రమే యేరి, మూడు నిమిషములకు మించకుండ, తన గొంతుతోనే, ఇంటి మాటలలో చెప్పి, తండ్రులు పనినుండి తిరిగివచ్చు వేళకు పంపుచుండెను. పిల్లలు తిరిగి తమ గొంతుతో జవాబు చెప్పి పంపవలెను. ఫోను లేని యిండ్లవారిని ఫోనుగల యింటి యరుగుమీద కూడబెట్టెను. ఒక తల్లి మాతో చెప్పిన మాట: పిల్ల పాఠము వినుచుండగా తానును విని, తాను చిన్ననాడు విడిచిన భాగహారమును నేర్చుకొన్నదట. ఆ యుపాధ్యాయినికి ప్రభుత్వ మిచ్చిన యంత్రము లేదు, మన సంఘ మిచ్చినదియు లేదు. తన ఫోను పగిలిన యద్దమునకు జిగురు కాగితము అంటించుకొని పని జరిపినది.

మఱియొక సంగతి నేతవారమైన మనకు మిగుల దగ్గఱిది. మా శిష్యుడొకడు నేత పల్లెలోని బడిలో లెక్కల పంతులుగ నున్నాడు. కంప్యూటరు ఎట్లు ఆలోచించునో తొమ్మిదవ తరగతికి చెప్పవలసివచ్చినది. బడిలో కంప్యూటరు లేదు. అతడు ఒక పాత మగ్గమువారి నడిగి, చివికి పాఱవైచిన జకార్డు అట్టలను కొన్ని తెచ్చెను. మీలో పలువు రెఱుగుదురు: జకార్డు మగ్గమున అట్టమీద చిల్లున్నచోట సూది దూఱును, దానిని పట్టిన కొక్కెము పడుగుదారమును పైకెత్తును, చిల్లులేనిచోట దారము క్రిందనే యుండును. ఎత్తిన దారముల సందున పేక పోవును. పేకకొక యట్ట. అట్టల వరుసయే అంచుమీది పువ్వు, చిలుక. ఫ్రాన్సు దేశమున లియాను పట్టణపు జకార్డు అనునాతడు 1804-05 ప్రాంతమున నీ యేర్పాటును కుదిర్చెను. ఇంగ్లాండున చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ చిల్లుల యట్టలనే యెరువు తెచ్చుకొనెను. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హోలరిత్ అనునాతడు చిల్లుల అట్టలతోనే త్వరగా తేల్చెను. అనగా నేటి కంప్యూటరునకు తాత యెవరని యడిగినచో, నేతగాని మగ్గమును చూపవచ్చును. ఇది మన కులపు గొప్ప కొఱకు కల్పించినది కాదు; చరిత్ర.

ఆ పంతులు చేసినపని యిది. నేతకు నమూనాలు గీయు గళ్ళ కాగితముమీద ఒక పిల్లచేత "అ" అను నక్షరమును గళ్ళు నింపి వ్రాయించెను. ఒక్కొక్క వరుసను ఆమె "చిల్లు, చిల్లు, లేదు, లేదు, చిల్లు" అని పైకి చదువవలెను. గదికి ఆవలి మూల, ఆమెకు వీపు త్రిప్పి కూర్చున్న మఱియొక పిల్ల, వినినదానిని బట్టి తన కాగితమున గళ్ళు నింపవలెను. పది నిమిషములలో ఆ రెండవ కాగితముమీద "అ" పుట్టినది! నోట నొక్క యక్షరమును పలుకకుండ అక్షరము ఇక్కడనుండి అక్కడికి పోయినది. చిల్లునకు ఒకటి, లేకున్న సున్న; ఫోనులోని బొమ్మయు, మాటయు, లెక్కయు నీ రెంటితోనే నడుచునని యతడు చెప్పగా, ఆ తరగతిలో తెలియనివాడు లేడు. తాతలు వాడిన యట్టలను చూచి పిల్లలు "ఇది మా యింట్ల గూడ ఉండె" యనుచు మిద్దెమీది సామానులు వెదకి మఱికొన్ని తెచ్చిరి. పది మందిలో పనికిమాలిన పాత సరకుగ నెంచబడినది, ఆనాడు బడిలో పాఠ్యగ్రంథమైనది.

ఆతడే మఱియొకనాడు బల్లమీద ఫోనును వెల్లకిల పెట్టి, ముందువైపు కెమెరా కంటిమీద సూదిమొనతో నొక చిన్న నీటిబొట్టు నుంచి, దాని పైగా తువ్వాలు కొంగును పట్టి చూపెను. బొట్టు భూతద్దమయ్యెను. పడుగు పేకల యల్లిక తెఱమీద త్రాళ్ళవలె కానవచ్చెను. పిల్లలు అంగుళమునకు ఎన్ని పోగులో లెక్కించి, తువ్వాలునకును చీరెకును గల భేదమును గుణించిరి. ఖర్చు: ఒక బొట్టు నీరు. (ఫోనుకు నీరు తగులునేమో యని మేము గుండె పట్టుకొని చూచుచుంటిమి. పాత రోగము తేలికగ పోదు.)

అక్షరములు అంకెలై ప్రయాణము చేయునని వింటిమి గదా. అయితే ఏ భాష యక్షరములకైన అంకెలు కేటాయింపబడనిచో, ఆ భాష పిల్లవాని సంగతి యేమి? ఈ ప్రశ్న మనలను ఆదిలాబాదు అడవులకు కొనిపోవును.

నిజాము కాలమున మన తెలుగు పిల్లలు బడిలో ఉర్దూలో పాఠములు వినవలసివచ్చెను. 1915లో ఆసిఫాబాదు ప్రాంతపు వాంకిడిలో జన్మించి, మన కులమునకు మాత్రమేగాక తెలంగాణమునకే పెద్దదిక్కైన కొండా లక్ష్మణ్ బాపూజీ బాల్యము గడచినది ఆ దినములలోనే. హనుమాజీపేటలో 1931లో పుట్టిన డాక్టరు సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమముననే చదివి, తెలుగు కవిగా జ్ఞానపీఠము నందుకొనెను. అట్టివారు దాటిరి, దాటలేక వెనుకకు మరలినవారి లెక్క యెవరు వ్రాసిరి? ఆనాడు మన పిల్లలకు ఉర్దూ యెట్లుండెనో, నేడు గోండు, కొలాము గూడెముల పిల్లలకు మన తెలుగు అట్లున్నది. ఈ మాట చెప్పుటకు మాకే కొంత కష్టముగ నున్నది, మేము జీవితమంతయు తెలుగును సంస్కృతమును బోధించినవారము గనుక. అయినను నిజము.

1940లో జోడేఘాట్ కొండలలో కుమ్రం భీము నేలకొఱిగిన పిమ్మట, హైమన్‌డార్ఫ్ అను పండితుడు ఆ ప్రాంతమునకు వచ్చి, మార్లవాయి గూడెమున గోండులతో కలసి నివసించెను. 1943లో అక్కడనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మారంభమైనది. కొద్దిపాటి అక్షరజ్ఞానముగల గోండు యువకులను చేరదీసి పంతుళ్ళను చేసిరి. గోండి భాషలో, దేవనాగరి యక్షరములతో వాచకములు అచ్చువేసిరి. అడవి నడుమ ఆకు పందిరి క్రింద, పిల్లవాని నోటిమాట వానికి పుస్తకములో కనబడుటకన్న గొప్ప యంత్రకళ ఆనాడు వేఱేమి కలదు? అచ్చుయంత్రమును పిల్లవాని నాలుకకు కట్టిన వాచకమది. పిదప 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము గోండి, కొలామి, కోయ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో మాతృభాషా బోధన నారంభించి వాచకములు వేయించెను. మంచి పని. కాని గూడెమునకు పుస్తకము చేరుట వేఱు, చెప్పగల పంతులు చేరుట వేఱు.

నార్నూరు మండలమున గుంజాల యను నూరు కలదు. అచ్చట గోండులు తమ ప్రత్యేక లిపిలో వ్రాసియుంచుకొన్న పాత ప్రతులు బయల్పడినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారు వాని వెలుగునకై పాటుపడిరి. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడు పట్టికలోనికెక్కినది. యూనికోడనగా ప్రపంచములోని యక్షరములన్నింటికి అంకెలు కేటాయించిన పెద్ద జాబితా. లెక్కల పంతులు తరగతిలో ఒక పిల్ల "అ"ను చిల్లులుగ చదివినట్లే, ఇప్పుడు గుంజాల యక్షరమునకును ఒక సంకేతాంకము కలదు. అది గలుగుటచేత ఆ యక్షరము ఫోనులనుండి ఫోనులకు పోగలదు. ఒక మాఱుమూల గ్రామపు పెట్టెలో చెదలు పట్టకుండ కాపాడబడిన కాగితములకు లోకపు అక్షరసభలో పీఠము దొరకినది!

ఆ జిల్లావాడే యగు తోడసం కైలాస్ అను ప్రభుత్వ పాఠశాలోపాధ్యాయుని పేరు మీరు విని యుందురు. మహాభారతమును గోండి భాషలోనికి తెచ్చినవాడు. కృత్రిమ మేధ యని పిలువబడు క్రొత్త యంత్రవిద్యను పట్టి కొలామి భాషలో పాట కూర్చెను. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తమ "మన్ కీ బాత్" ప్రసంగమున నా సంగతిని పేర్కొనిరి. మన సభలోని కొందఱు యువకులు, "యంత్రమే పాట కట్టినపుడు పంతులు చేసినదేమి?" యనుట మేము వింటిమి. యువకులారా, ఆలోచింపుడు. ఆ యంత్రము లోకమున వ్రాతలో నున్నదానిని చదివి నేర్చుకొన్నది. ఇంగ్లీషులో వ్రాత సముద్రము, తెలుగులో చెఱువు, కొలామిలో చెలమ. చెలమనీటితో నేర్చిన యంత్రము తప్పు పలికినపుడు, ఇది తప్పని చెప్పగల చెవి యెవరిది? గూడెమున తిరిగి, పెద్దవారి నోట వినిన పంతులుది. యంత్రము గొంతు నిచ్చును. ఆ గొంతు కొలామిదో కాదో తేల్చువాడు మనిషి.

అట్టి పల్లెలలో పంతుళ్ళు చేయుచున్న చిన్న పని మఱియొకటి కలదు. 2017 సెప్టెంబరు 5వ తేదీన నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిన "దీక్ష" యను ఏర్పాటున పాఠ్యపుస్తకములలోని నలుపు తెలుపు గళ్ళ ముద్రకు ఫోను చూపినచో దృశ్యపాఠము వచ్చును. కాని గూడెమున సంకేతము అందదు; గుట్ట యెక్కిననే ఫోను పలుకును. అందుచేత వారు వారాంతమున ఉట్నూరునకో ఆసిఫాబాదునకో వచ్చినపుడు కావలసిన పాఠములను ఫోనులో దింపుకొని, నీళ్ళ బిందె మోసినట్లు మోసికొనిపోయి, సోమవారమున పిల్లలకు చూపుదురు. చూపునపుడు శబ్దమును ఆపి, తెఱమీది బొమ్మలకు గోండిలో తామే మాట చెప్పు పంతులును మేమెఱుగుదుము. టెలివిజనులోని విద్వాంసుని నోరు మూసి, ఆ పంతులు తన నోరు తెఱచెను! మాకీ సాహసము ఏనాడును లేకపోయెను.

లోకములో ఇతరులును మనవలెనే పొరపడిరి. దక్షిణామెరికాలోని పెరూ దేశమున లక్షలకొలది చిన్న కంప్యూటరులను బడిపిల్లలకు పంచిరి. 2012లో వెలువడిన పరిశోధనయందు, ఆ పిల్లల లెక్కల చదువుగాని భాష చదువుగాని దానివలన మెఱుగుపడినట్లు ఋజువు దొరకలేదు. యంత్రము చేరినది, దానితో ఏమి చేయవలెనో పంతులునకు చెప్పినవారు చాలినంతమంది లేరు.

వదాన్యులగు పెద్దలలో నొకరు నిన్నటి రాత్రి భోజనపు పంక్తిలో మమ్ము నిలదీసిరి: "సార్, మేము దానము చేసినది నలుగురికి కనబడవలె గదా! నీటిబొట్టు, పాత యట్ట యనిన ఫలకముమీద నేమని వ్రాయుదుము?" ఆయన నిష్కపటి, అందుచే మాకు కోపము రాలేదు. ఇంకొకరు, కొలాము పిల్లల పాటతో మన పిల్లలకు ఉద్యోగము వచ్చునా యనిరి. దానికి మాత్రము ఒక మాట చెప్పవలసియున్నది. మనము టెలివిజను లియ్యదలచిన బడులలో మన కులపు పిల్లలును, గోండు పిల్లలును, కొలాము పిల్లలును, ఇతరులును ఒకే చాపమీద కూర్చుందురు. తెఱ యొక్కరికే అర్థమైనచో తక్కినవారు గోడవైపు చూతురు. చాపమీద సగము మంది గోడవైపు చూచుచున్న బడిలో మన పిల్లవానికి మాత్రము చదువెట్లు వచ్చును?

ఫోను వలన కీడును కలదని మేమెఱుగకపోలేదు. రాత్రి జాముల వఱకు ఆటలలో మునిగి, ఉదయము బడిలో కునుకు పట్టు పిల్లలను చూచుచున్నాము. మగపిల్లవానికి ఫోను చిక్కి, వాని యక్కకు చిక్కని యిండ్లును మన వీథులలోనే కలవు. వీనిని గుఱించి వేఱొక దినము మాటాడవలెను. నేటికి సమయము చాలదు, అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు.

మా సవరణ యిది. యంత్రములకై నిర్ణయించిన మొత్తమున సగము మాత్రమే యంత్రములకు వెచ్చింపుడు. తక్కిన సగమును ఆయా బడుల పంతుళ్ళ చేతిలో చిన్న చిన్న మొత్తములుగ నుంచుడు; బ్యాటరీకో, ఫోను ఖర్చునకో, గళ్ళ కాగితములకో, గోండి మాట సరిచూచిన ముదుసలికి బస్సు ఖర్చు నిచ్చుటకో వారే నిర్ణయింతురు. ప్రతి పైసకు రసీదు కావలెనని పట్టుబట్టిన, వారు మావలె తాళము వేసి కూర్చుందురు. యేడాదికొకసారి ఏమి చేసిరో వచ్చి ఈ సభలో చెప్పిన చాలును. యంత్రము చెడినపుడు పట్టణమునకు మోయించు పని లేకుండ, సాంచల మోటారులను బాగుచేయు మన యువకులలో మండలమునకొకరికి ఈ పని నేర్పింపుడు. వారి చేతులు ఇదివఱకే సగము నేర్చియున్నవి. ఇక ఫలకము సంగతి: దాత పేరు తప్పక వ్రాయుడు; తెఱకన్న పెద్దది కాకుండ వ్రాయుడు.

అన్నింటికన్న ముఖ్యమైనది కడపట చెప్పుచున్నాము. ఇచ్చు ప్రతి వస్తువుతోడను దాత సంతకముతో నొక పత్రమును ప్రధానోపాధ్యాయునికి ఇయ్యవలెను. అందు ఇట్లు వ్రాయవలెను: "ఈ వస్తువును పిల్లల చేతికిండు. వారి వాడుకలో నిది పగిలినను, చెడినను, అరిగినను మేమెవ్వరినిని లెక్క యడుగము. వాడక నిలువయున్నచో మాత్రము తిరిగి యడుగుదుము." ప్రభుత్వపు నిబంధనలు ప్రభుత్వమువి, వానిని మనము మార్పలేము. దాత మాట దాత చేతిలోనిది. ఇరువది యేండ్ల క్రిందట నెవరైనను మాకిట్టి పత్రమొకటి వ్రాసి యిచ్చియుండినచో, ఆ జాలి వెనుక నిలిచిన పిల్లవానిని మేము ఎండలోనికి పంపక లోనికి పిలిచియుందుమో యేమో! పిలిచియుందుమని ప్రమాణము చేయజాలము. వాడిప్పుడు భివండిలో సాంచలమీద పనిచేయుచున్నాడని విన్నాము.

మా పింఛనులోనుండి ఒక నెల మొత్తమును ఈ నిధికి సమర్పించుకొనుచున్నాము. దానితో కొనబడు వస్తువునకు పైన చెప్పిన పత్రమును మా చేతితో వ్రాసి, సంతకము చేసి తెచ్చితిమి. ఇదిగో, కార్యదర్శిగారికి ఇచ్చుచున్నాము. సవరణను సభవారు ఓటునకు పెట్టవలసినదని కోరుచున్నాము.